వెలుగుల పొత్తు

'ఛాయాచిత్రం' అనే మాటలో ఒక వింత ఉంది. వెలుగుతో గీసే బొమ్మకు మనవారు నీడ పేరు పెట్టారు. పాశ్చాత్యులు వాడే 'ఫోటోగ్రఫీ' అనే పదానికి గ్రీకు మూలాలను బట్టి 'వెలుగుతో రాయడం' అని అర్థం. ఒకే కళను వారు వెలుగు వైపు నుంచి చూశారు, మనం నీడ వైపు నుంచి చూశాం. ముప్పై ఏళ్లుగా కెమెరాను భుజాన వేసుకొని ఊరూరా తిరుగుతున్న నాకు ఈ రెండు పేర్లూ నిజమేననిపిస్తుంది. వెలుగు ఎక్కడ ఆగాలో, నీడ ఎక్కడ మొదలుకావాలో నిర్ణయించడమే ఈ విద్యలోని సారాంశం.

నా వృత్తి మనుషుల రూపచిత్రాలు తీయడం. అదీ నాలుగు గోడల మధ్య కాదు; ఆరుబయట. పొలం గట్టు మీద రైతును, మగ్గం ముందు నేతగాణ్ణి, కుమ్మరి ఆవం పక్కన కుమ్మరిని వారివారి తావుల్లోనే చిత్రించడం నాకు ఇష్టం. మనిషిని అతని తావు నుంచి పెకలించి, స్టూడియోలో రంగుల తెర ముందు నిలబెడితే ముఖం మిగులుతుంది గాని జీవితం మిగలదు. అయితే స్టూడియోలో ఉన్న సౌకర్యం బయట ఉండదు. అక్కడ దీపాలు మనం చెప్పినట్లు వింటాయి. బయట సూర్యుడు ఎవరి మాటా వినడు. అందుకే నా సంచిలో ఎప్పుడూ ఒక ఫ్లాష్ దీపం, దాన్ని నిలబెట్టే స్టాండు, ఒక తెల్ల గొడుగు ఉంటాయి. మిట్టమధ్యాహ్నం వాటిని బయటికి తీసినప్పుడల్లా చుట్టూ చేరినవారు నవ్వుతారు. "పట్టపగలు దివిటీ ఎందుకండీ?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే అది. దానికి సమాధానం చెప్పాలంటే ముందు మన కన్నుకూ కెమెరా కన్నుకూ ఉన్న భేదాన్ని తెలుసుకోవాలి.

చెట్టు నీడలో కూర్చున్న మిత్రునితో మాట్లాడుతున్నామనుకుందాం. అతని ముఖం నీడలో ఉంటుంది. అతని వెనుక పొలం ఎండలో మెరుస్తూ ఉంటుంది. మన కన్ను ముఖం మీద నిలిచినప్పుడు ఆ వెలుగుకు, పొలం మీద వాలినప్పుడు ఈ వెలుగుకు క్షణాల్లో సర్దుకుంటుంది. ఆ రెండు చూపులనూ మనసు ఒక్కటిగా అల్లుతుంది. అందుచేత మనకు ముఖమూ, పొలమూ రెండూ స్పష్టంగానే కనబడినట్లు తోస్తుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. మీట నొక్కిన క్షణంలో అది ఒకే కొలతను ఎంచుకోవాలి. పొలానికి తగినట్లు కొలిస్తే మిత్రుని ముఖం నల్లని మరక అవుతుంది. ముఖానికి తగినట్లు కొలిస్తే పొలం సున్నం కొట్టిన గోడలా తెల్లబోతుంది. మనిషి కావాలా, అతని లోకం కావాలా అని కెమెరా నిలదీసే ఘడియ అది.

ఈ ప్రశ్న నాకు అన్నిటికంటె సూటిగా ఎదురైంది భీమునిపట్నం సముద్రతీరంలో. మనది తూర్పు తీరం. తెల్లవారుజామున సూర్యుడు సముద్రంలో నుంచే లేస్తాడు. వేటకు వెళ్లిన పడవలు తిరిగివచ్చే వేళ కూడా అదే. సముద్రాన్ని వెనుక పెట్టుకొని నిలబడిన మనిషికి ఆ వేళలో సూర్యుడు వీపు వైపు ఉంటాడు; ముఖం చీకటిలో ఉంటుంది. ఒక ఉదయం చేపలు అమ్మే ఒక ముదుసలి తన ఫొటో తీయమని అడిగింది. ముఖం మీద వెలుగు పడే సాయంత్రం వేళ రమ్మన్నాను. అప్పటికి తాను చేపల గంపతో ఊళ్లు తిరుగుతూ ఉంటానన్నది. పోనీ ఊరి వైపు నిలబడమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నా మొకమూ అగుపడాల, ఎనకాల సంద్రమూ అగుపడాల బాబూ. మా ఆయన ఏటకెల్లి మరి రాలేదు. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. నా పక్కన ఆయన లేకపోతే, ఆయన పోయిన సంద్రమైనా ఉండాల."

ఆరుబయటి చిత్రకళలోని సమస్యనంతటినీ ఆమె ఒక్క మాటలో చెప్పింది. సముద్రం లేకపోతే అది ఆమె కథ కాదు. ముఖం లేకపోతే ఆమే లేదు. గోడ మీద కలకాలం ఉండవలసిన ఆ ఒక్క పటంలో రెండూ నిలవాలి. సూర్యుడు ఇచ్చిన వెలుగు ఒక్కటే అందుకు చాలదు. రెండో వెలుగును మనిషి తెచ్చుకోవాలి.

ఈ రెండో వెలుగు కోసం మనిషి పడిన పాట్లు చిన్నవి కావు. తొలితరం ఛాయాచిత్రకారులకు సూర్యుడే దిక్కు. ఆ కాలపు స్టూడియోలకు అద్దాల పైకప్పులు వేసి, తెరలు జరుపుతూ వెలుగును అదుపు చేసేవారు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాం కొలువులో ఛాయాచిత్రకారుడిగా వెలిగిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) తరం వారు గాజుపలకల మీద చిత్రాలను పట్టింది ప్రధానంగా పగటి వెలుగుతోనే. 1887లో జర్మనీకి చెందిన అడాల్ఫ్ మీథే, యోహానెస్ గేడికె అనే ఇద్దరు మెగ్నీషియం పొడితో మెరుపు వెలుగు పుట్టించే మిశ్రమాన్ని రూపొందించారు. అది భగ్గున మండి, గదినిండా పొగ కమ్మేది. చేతులు కాలిన వారెందరో ఉన్నారు. 1929 ప్రాంతంలో గాజుబుడ్డిలో మెరిసే ఫ్లాష్ బల్బు వచ్చింది. ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క బల్బు కాలిపోయేది. 1930వ దశకంలో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను అభివృద్ధి చేశాడు. ఎన్నిసార్లయినా మెరిసే నేటి ఫ్లాష్ దీపాలు ఆ వంశానికి చెందినవే.

ఫ్లాష్ చేతికి వచ్చినంత మాత్రాన చిక్కు తీరదు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఒకటి ఆకాశం నుంచి వచ్చే వెలుగు, మరొకటి మన సంచిలో నుంచి వచ్చే వెలుగు. ఈ రెంటికీ పొత్తు కుదర్చాలి. అందుకు కెమెరాలో ఉన్న మార్గాన్ని మన పల్లెల్లోని చెరువు తూముతో పోల్చి చెప్పవచ్చు.

ఒక తొట్టిని నింపాలి. తూములో నుంచి కాలువ నీరు నిలకడగా వస్తూ ఉంటుంది. అదే తూములోకి ఎవరో ఒక బిందెడు నీళ్లు ఒక్కసారిగా కుమ్మరిస్తారు. కాలువ నీరు పరిసరాల వెలుగు. బిందె నీరు ఫ్లాష్ వెలుగు. తూమును ఎంతసేపు తెరిచి ఉంచితే అంత కాలువ నీరు వస్తుంది. కాని బిందె నీళ్లు కన్ను మూసి తెరిచేలోగా లోపలికి వచ్చేస్తాయి గనుక, ఆ తరువాత తూమును ఎంతసేపు తెరిచినా వాటిలో హెచ్చుతగ్గులు ఉండవు. ఆ తూము తెరిచి ఉంచే వ్యవధినే కెమెరాలో షట్టర్ వేగం అంటాం. తూము నోటి వెడల్పు అపర్చర్. నోరు పెద్దదైతే రెండు నీళ్లూ ఎక్కువగా వస్తాయి. చిన్నదైతే రెండూ తగ్గుతాయి.

ఇందులోనే కీలకమంతా ఉంది. ఫ్లాష్ మెరుపు సాధారణంగా సెకనులో వెయ్యోవంతుకు అటూ ఇటూగా ముగిసిపోతుంది. షట్టర్ 1/60 సెకను తెరిచి ఉన్నా, 1/200 సెకను తెరిచి ఉన్నా ముఖం మీది ఫ్లాష్ వెలుగు మారదు. వెనుక ఉన్న ఆకాశమూ, సముద్రమూ మాత్రం మారిపోతాయి. కనుక వెనుకటి దృశ్యాన్ని షట్టర్‌తో సరిచేసుకోవాలి. ముఖాన్ని ఫ్లాష్ బలంతోనూ, దాని దూరంతోనూ సరిచేసుకోవాలి. నేను పాటించే క్రమం ఇదే. మొదట ఫ్లాష్ వేయకుండా ఆకాశపు రంగు నిలిచేటట్లు కొలత పెట్టుకుంటాను. మనిషి అప్పటికి నీడబొమ్మలా ఉంటాడు. ఆ తరువాత ఫ్లాష్‌ను కొంచెం కొంచెంగా పెంచుతూ ఆ నీడలో నుంచి ముఖాన్ని వెలికి తెస్తాను. ఇల్లు కట్టేవాడు ముందు గోడలు లేపి, ఆపైన దీపం పెట్టినట్లు.

షట్టర్‌కు ఒక హద్దు ఉంది. చాలా కెమెరాల్లో షట్టర్ అంటే ఒకదాని వెనుక ఒకటి పరుగెత్తే రెండు తెరలు. 1/200 లేదా 1/250 సెకను కంటె వేగం పెంచితే మొదటి తెర పూర్తిగా తొలగకముందే రెండో తెర బయలుదేరుతుంది. చిత్రమంతా ఏకకాలంలో తెరుచుకొని ఉండే క్షణమే ఉండదు. అప్పుడు ఫ్లాష్ మెరిస్తే చిత్రంలో ఒక పట్టీ నల్లగా మిగిలిపోతుంది. ఈ హద్దునే సింక్ వేగం అంటారు. వరుసగా చిన్నచిన్న మెరుపులు మెరిపించి ఈ హద్దును దాటే ఫ్లాష్‌లు ఉన్నాయి గాని, వాటి బలం అందువల్ల బాగా తగ్గిపోతుంది.

ఈ హద్దు మధ్యాహ్నపు ఎండలో మనల్ని కట్టివేస్తుంది. ఎండ బాగా కాసే వేళ ఐ.ఎస్.ఓ. 100 అయితే, ఎఫ్/16 వద్ద షట్టర్ 1/100 సెకనుకు దగ్గరగా ఉండాలన్నది ఛాయాచిత్రకారుల పాత లెక్క. షట్టర్‌ను 1/200కు తెస్తే అపర్చర్ ఎఫ్/11 అవుతుంది. ఇప్పుడు ఫ్లాష్ వెలుగు అంత చిన్న ద్వారం గుండా రావాలి. 'గైడ్ నంబర్' 44 మీటర్లు ఉన్న ఫ్లాష్ ఎఫ్/11 వద్ద 4 మీటర్ల వరకే చాలినంత వెలుగునిస్తుంది. 44ను 11తో భాగించి చూస్తే ఆ లెక్క తెలుస్తుంది. దానికి గొడుగు అడ్డం పెడితే వెలుగు మెత్తబడుతుంది గాని, ఆ దూరం ఇంకా కుదించుకుపోతుంది. సూర్యునితో సరితూగాలంటే దీపం మనిషికి చేరువగా వెళ్లాలి.

చేరువ అనే మాటను మీరు భౌతికశాస్త్రంలో మరో రూపంలో చదువుకొని ఉంటారు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగోవంతుకు తగ్గుతుంది. ఒక మీటరు దూరంలో ఉన్న ముఖాన్ని వెలిగించే దీపం, రెండు మీటర్ల దూరంలోని గోడ మీద నాలుగోవంతుగానూ, నాలుగు మీటర్ల దూరంలోని చెట్టు మీద పదహారోవంతుగానూ పడుతుంది. సముద్రం మీద దాని ప్రభావం లేనట్లే. పరీక్ష కోసం వల్లెవేసే ఈ విలోమవర్గ నియమం మా వృత్తిలో అన్నం పెట్టే నియమం. మనిషిని మాత్రమే తాకి, అతని లోకాన్ని తాకకుండా వదిలే గుణం ఫ్లాష్‌కు దీనివల్లనే వచ్చింది.

ఎంత వెలుగు వేయాలన్నది లెక్క కంటె విచక్షణకు సంబంధించినది. ఫ్లాష్ వెలుగు పరిసరాల వెలుగుతో సమానమైతే మనిషి వెనుకటి దృశ్యం నుంచి విడిపోయి, కత్తిరించి అతికించిన బొమ్మలా కనిపిస్తాడు. అందుకని నేను సాధారణంగా ఫ్లాష్‌ను ఒక 'స్టాప్' తగ్గిస్తాను. స్టాప్ తగ్గించడమంటే వెలుగును సగం చేయడం. వంటలో ఉప్పు ఉన్నట్లు తెలియకూడదు, లేనట్లూ తెలియకూడదు. ఫ్లాష్ కూడా అంతే. చూసినవారు "ఫ్లాష్ బాగా వేశారు" అంటే అది మెచ్చుకోలు కాదు.

రంగు విషయంలో కూడా పొత్తు కుదరాలి. మధ్యాహ్నపు సూర్యకాంతిని రమారమి 5,500 కెల్విన్‌లుగా లెక్కిస్తారు. ఫ్లాష్ దీపాలను కూడా దానికి దగ్గరగానే తయారుచేస్తారు. కాని ఉదయ సాయంకాలాల్లో సూర్యకాంతి 3,000 కెల్విన్‌ల దరిదాపులకు దిగి, పసుపూ నారింజా కలిసిన వన్నెకు వస్తుంది. లోకమంతా బంగారు నీటిలో మునిగి ఉండగా ముఖం మీద మాత్రం మధ్యాహ్నపు తెల్లని వెలుగు పడితే, ఆ మనిషి వేరే వేళ నుంచి వచ్చి నిలబడ్డట్లుంటుంది. దీపం ముందు నారింజ రంగు పలుచని కాగితం ఒకటి పెడితే ఆ ఎడం తీరుతుంది.

ఇక దిక్కు. కెమెరా నెత్తినే ఫ్లాష్ పెట్టి మెరిపిస్తే ముఖం అప్పడంలా చదునవుతుంది. చెంపల వంపు, నుదుటి గీతలు, కళ్ల కింద అనుభవం తెచ్చిన మడతలు అన్నీ ఒక్క దెబ్బకు తుడిచిపెట్టుకుపోతాయి. దీపాన్ని పక్కకు, కంటి ఎత్తుకు కొంచెం పైన పెట్టి, గొడుగులో నుంచి వెలుగును రాబడితే ముఖానికి లోతు వస్తుంది. ఒక్కొక్కసారి ఫ్లాష్ కూడా అక్కరలేదు. ఎండలో ఇద్దరు మనుషులు పట్టుకున్న ఒక తెల్లని పంచె చాలు. దాని మీద పడిన ఎండ మెత్తగా తిరిగివచ్చి ముఖాన్ని వెలిగిస్తుంది. సత్యజిత్ రాయ్ 'అపరాజితో' (1956) చిత్రానికి ఛాయాగ్రాహకుడైన సుబ్రతా మిత్ర చేసిన పని ఇటువంటిదే. కాశీలోని ఇంటి ముంగిలిని కలకత్తా స్టూడియోలో సెట్టుగా వేసినప్పుడు, ఆయన పైన తెల్లని గుడ్డ పరిపించి, కింద నుంచి దీపాల వెలుగును దాని మీదికి పంపి, అక్కడ నుంచి తిరిగివచ్చే మెత్తని కాంతిలో చిత్రీకరించాడు. కృత్రిమమైన వెలుగు ఆకాశం నుంచి దిగివచ్చినట్లు కనిపించింది. మన 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్లే పండించిన వెన్నెల కూడా కెమెరా కల్పించిన వెన్నెలే. కల్పన అని తెలిసినా మనసు దాన్ని నమ్ముతుంది. ప్రకృతిని అనుసరించిన కృత్రిమత్వానికి ఉన్న బలం అది.

ఇంతవరకూ చెప్పినదంతా చేతి విద్య. దీని వెనుక మనసు చేయవలసిన పని మరొకటి ఉంది. 'ఛాయ' అనే మాటకు నీడ అనే అర్థంతో పాటు మేని వన్నె అనే అర్థం కూడా ఉంది. చామనఛాయ అంటాం. ఫ్లాష్ చేతిలో ఉన్నవాడు మనిషి ఛాయను మార్చివేయగలడు. కెమెరా తనంత తానే అందుకు దారి తీస్తుంది కూడా. దానిలోని కాంతిమాపకం ఎదుట ఉన్నది నలుపూ తెలుపూ కాని మధ్యస్థమైన బూడిదరంగు అనే లెక్కతో పనిచేస్తుంది. ముదురు ఛాయ గల ముఖం చట్రాన్ని నింపినప్పుడు, వెలుగు తక్కువైందని భ్రమించి, ఫ్లాష్‌ను ఎక్కువగా మెరిపిస్తుంది. యంత్రానికి దురుద్దేశం లేదు. కాని దాని లెక్కను సరిదిద్దవలసిన మనిషి కూడా "తెల్లగా వస్తే మంచిదేగా" అనుకుంటే, అక్కడ ఒక అన్యాయం జరుగుతుంది.

కోనసీమలోని ఒక ఊరి నుంచి డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయిని తల్లిదండ్రులు నా వద్దకు తీసుకొచ్చారు. అంతకుముందు వేరొకచోట పెళ్లిసంబంధాల కోసం ఫొటో తీయించారు. ఆ ఫొటోలో ఆమె పాలరాతి బొమ్మలా ఉంది. దాన్ని చూసి ముచ్చటపడి వచ్చిన మగపెళ్లివారు, పిల్లను చూసి, "ఫొటోలోని అమ్మాయి ఏదండీ?" అని అడిగారట. ఆ మాట ఎదుట కూర్చున్న అమ్మాయి విన్నది. అయినా తల్లి నాతో, "ఈసారి మరీ అంత కాకుండా, కొంచెం తెల్లగా వచ్చేటట్లు తీయండి బాబూ" అన్నది. ఆమెను తప్పుపట్టలేం, లోకం ఆమెకు నేర్పిన భయం అది. అమ్మాయి మాత్రం తల్లి చేతిని మెల్లగా పట్టుకొని, "వద్దమ్మా. ఈసారి నన్ను చూసినవాళ్లు ఆశ్చర్యపోకూడదు" అన్నది.

కాలువ గట్టు మీద, కొబ్బరిచెట్ల నీడలో, పొద్దు వాలే వేళ ఆమెను నిలబెట్టాను. నీటి మీద మెరుస్తున్న పొద్దుటి కిరణాల వంటి సంజ వెలుగు వెనుక నుంచి వచ్చి ఆమె జుట్టు అంచున బంగారు గీత గీసింది. ముందు వైపు గొడుగులో నుంచి నారింజ వన్నె కలిసిన ఫ్లాష్‌ను, పరిసరాల వెలుగులో సగానికి తగ్గించి వేశాను. కెమెరా చెప్పిన లెక్కను పక్కన పెట్టి, ఆమె చెంప మీద ఉన్న ఛాయనే కొలతగా తీసుకున్నాను. తడిసిన రేవడి మట్టిలాంటి నిండైన వన్నె, దాని మీద చిన్న మెరుపు. చిత్రాన్ని ఆమె చాలాసేపు చూసి, రెండు ప్రతులు కావాలన్నది. ఒకటి సంబంధాల వారికి పంపడానికి. రెండోది తన పుస్తకంలో పెట్టుకోవడానికి. నా వృత్తిలో నాకు అందిన బహుమానాల్లో ఆ రెండో ప్రతి ఒకటి.

ఈనాడు ప్రతి చేతిలోనూ ఫోన్ కెమెరా ఉంది. అది క్షణంలో హెచ్చుతగ్గుల కొలతలతో అనేక చిత్రాలు తీసి, ఆకాశాన్ని ఒకదాని నుంచి, ముఖాన్ని మరొకదాని నుంచి తీసుకొని కలిపివేస్తుంది. మన కన్నూ మనసూ కలిసి చేసే పనిని అది అనుకరిస్తున్నది. ఇది మెచ్చదగిన ప్రగతే. అయితే వెలుగు ఏ వైపు నుంచి రావాలో, ఏ ముడతను చూపాలో, ఏ నీడను మిగల్చాలో అది మన తరఫున నిర్ణయించలేదు. పైగా 'అందం' పేరుతో చర్మాన్ని తెల్లబరిచే, నునుపు చేసే సాధనాలు వేలికొనల దగ్గరకే వచ్చాయి. కోనసీమ అమ్మాయి వద్దన్న అబద్ధాన్ని ఈనాడు ఎందరో తమ ముఖాలకు తామే పూసుకుంటున్నారు. సాధనం మారింది గాని, ప్రశ్న మారలేదు.

పరిసరాల వెలుగు మనిషి పుట్టి పెరిగిన లోకం. ఫ్లాష్ వెలుగు ఆ మనిషి పట్ల మనం చూపే శ్రద్ధ. మొదటిదాన్ని మాత్రమే నమ్ముకుంటే మనిషి తన లోకంలోనే నీడగా మిగిలిపోతాడు. రెండోది హద్దుమీరితే మనిషి తన లోకాన్నీ, చివరకు తన రంగునూ పోగొట్టుకుంటాడు. ఈ రెంటి నడుమ ఎక్కడ ఆగాలో చెప్పే కొలబద్ద ఏ కెమెరాలోనూ లేదు. ఎదుటి మనిషిని ఉన్నది ఉన్నట్లుగా గౌరవించే చూపులో ఉంది. ఆ చూపు ఉన్నవాని చేతిలో చిన్న దీపం కూడా సూర్యునితో పొత్తు కుదుర్చుకోగలదు.